కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చాక వినడం ఎలా సాధన చేయాలి, ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి

“ఆపరేషన్ బాగానే జరిగింది, పరికరం ఆన్ చేశారు, శబ్దం వినిపిస్తోంది, కానీ మాట అర్థం కావడం లేదు. ఇప్పుడేం చేయాలి?” కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చుకున్న పెద్దల నుంచీ, పిల్లలకు అమర్పించిన తల్లిదండ్రుల నుంచీ ఈ ప్రశ్న మాటిమాటికీ వస్తోంది. అందుకే స్విచ్ ఆన్ రోజు (పరికరాన్ని తొలిసారి ఆన్ చేసే రోజు) నుంచి మొదటి సంవత్సరం ముగిసే వరకు ఇంట్లో ఏం చేయాలో, ఏం చేయకూడదో, చేసినది ఫలిస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలో ఒకచోట వరుసగా రాస్తున్నాను. ఇది మీ సర్జన్, ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు), స్పీచ్ థెరపిస్ట్ చెప్పేదానికి బదులు కాదు. వారిని ఒకసారి కలిసిన తరువాత మళ్ళీ కలిసేలోగా గడిచే వారాల కోసం రాసినది.

సిద్ధాంతం ఒక్క పేరాకు మించి అవసరం లేదు. సహజమైన చెవిలో శబ్దాన్ని నాడికి అందించే లోపలి వరుస కేశకణాలు సుమారు 3500 ఉంటాయి. ఇంప్లాంట్‌లో ఆ పనిని, రకాన్ని బట్టి, 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు చేస్తాయి. చెవి వెనుక పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి, అయస్కాంతంతో తలకు అంటుకునే కాయిల్ ద్వారా చర్మం కింది భాగానికి పంపుతుంది. ఆ భాగం శ్రవణ నాడిని నేరుగా ప్రేరేపిస్తుంది. హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెంచి వినిపిస్తుంది కానీ, ఇంప్లాంట్ శబ్దాన్ని వేరే రూపంలోకి మార్చి అందిస్తుంది. ఆ కొత్త రూపాన్ని మాటగా గుర్తుపట్టడం మెదడు నేర్చుకోవాలి. ఆపరేషన్ ఆ నేర్చుకోవడానికి దారి తెరుస్తుంది, అంతవరకే. ఈ కింద చెప్పే పనులన్నీ ఆ నేర్చుకోవడం కోసమే.

కావలసినవి

- ప్రాసెసర్, విడి కాయిల్ లేదా కేబుల్, విడి బ్యాటరీలు
- తేమ పీల్చే డబ్బా (సిలికా జెల్ గుళికలున్నదైనా, కరెంటుతో పనిచేసేదైనా సరే)
- మైక్రోఫోన్ మీద పెట్టే ఫిల్టర్లు లేదా మూతలు, మీ పరికరానికి సరిపోయేవి
- ఒక నోటుపుస్తకం. ఫోన్‌లో రాసుకోవచ్చు కానీ, ఇంట్లో అందరికీ కనబడేలా ఉండే పుస్తకమే మేలు
- బొమ్మలు, లేదా మాటలు రాసిన చీటీలు
- టీవీ, ఫ్యాన్, మిక్సీ ఏవీ మోగని గది ఒకటి, రోజుకు రెండు సార్లు 20 నిమిషాల సమయం
- ఇంప్లాంట్ గుర్తింపు కార్డు. ఇది ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి. ఎందుకో చివర చెబుతాను

1. ఎక్కడ నుంచి మొదలవుతున్నారో ముందు రాసుకోండి

ఆరు నెలల తరువాత “మార్పేమీ లేదు” అని బాధపడేవారిలో చాలామంది మొదటి రోజు పరిస్థితిని ఎక్కడా రాసి పెట్టుకోలేదు. నోటుపుస్తకం మొదటి పేజీలో ఇవి రాయండి: వినికిడి ఎప్పుడు పోయింది లేదా ఎప్పుడు గుర్తించారు, అప్పటికి మాటలు వచ్చాయా లేదా, హియరింగ్ ఎయిడ్ ఎంతకాలం వాడారు, స్విచ్ ఆన్ తేదీ ఏది, ఆ రోజు ఏయే శబ్దాలకు స్పందన ఉంది.

ఈ వివరాలు ఎందుకంటే ఫలితం అందరికీ ఒకేలా ఉండదు, ఆ తేడాకు కారణాలు చాలావరకు వీటిలోనే ఉంటాయి. మాటలు వచ్చిన తరువాత వినికిడి కోల్పోయిన 2251 మంది పెద్దల ఫలితాలను కలిపి 2013లో ప్రచురించిన విశ్లేషణలో, చెవుడుతో గడిపిన కాలం ఎంత ఎక్కువైతే మాట గుర్తించే శక్తి అంత తక్కువగానూ, ఇంప్లాంట్‌తో గడిపిన కాలం పెరిగేకొద్దీ ఎక్కువగానూ కనబడింది. పిల్లల విషయానికి వస్తే, 188 మందిని గమనించి 2010లో వెలువరించిన అధ్యయనంలో, 18 నెలల లోపు ఇంప్లాంట్ పొందినవారి భాష మిగతావారికంటే వేగంగా ఎదిగింది. పుట్టుచెవుడుతో యౌవనం దాకా శబ్దమే ఎరగక, ఆ తరువాత ఇంప్లాంట్ పొందిన వ్యక్తికి చుట్టూ ఉన్న శబ్దాల ఎరుక, పెదవుల కదలికను చదవడంలో సాయం దొరకడం కూడా నిజమైన లాభాలే. అలాంటివారిని ఫోన్‌లో ధారాళంగా మాట్లాడే మరొకరితో పోల్చడం అన్యాయం.

పిల్లలకైతే “వినికిడి వయసు” లెక్కించండి. మూడేళ్ళ బిడ్డకు స్విచ్ ఆన్ చేసి ఆరు నెలలైతే, ఆ బిడ్డ వినికిడి వయసు ఆరు నెలలే. పక్కింటి మూడేళ్ళ పిల్లతో కాదు, ఆరు నెలలుగా వింటున్న పాపతో పోల్చుకోండి.

2. గాయం, చర్మం, టీకా

స్విచ్ ఆన్ సాధారణంగా ఆపరేషన్ అయిన రెండు నుంచి నాలుగు వారాలకు జరుగుతుంది. కొన్నిచోట్ల కొద్ది రోజుల్లోనే చేస్తున్నారు. ఆ తరువాత ప్రతి రాత్రి కాయిల్ తీసినప్పుడు దాని కింది చర్మాన్ని చూడండి. లేత ఎరుపు కాసేపటికి పోతే ఫరవాలేదు. ఎరుపు అలాగే ఉండిపోయినా, నొప్పి, వాపు, చీము, చర్మం పలచబడడం కనబడినా కాయిల్ పెట్టడం ఆపి వెంటనే సర్జన్‌ను కలవండి. అయస్కాంతం మరీ బిగుతుగా ఉంటే తక్కువ శక్తిగలది వేస్తారు. కాయిల్ తరచూ ఊడిపోతోందని మీ అంతట మీరు ఎక్కువ శక్తి అయస్కాంతం తెచ్చి పెట్టవద్దు.

ఇంప్లాంట్ ఉన్నవారికి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ముప్పు ఇతరులకంటే ఎక్కువ. న్యుమోకాకల్ టీకా వీలైతే ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే పూర్తి కావాలి. కాకపోతే “ఇక అవసరం లేదేమో” అనుకోకుండా ఇప్పుడైనా డాక్టరును అడగండి. జ్వరంతో పాటు మెడ బిగుసుకోవడం, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, మగతగా ఉండడం కనబడితే తెల్లవారే వరకు ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళి, ఇంప్లాంట్ ఉందని మొదటే చెప్పండి. ఆ చెవిలో మధ్యచెవి ఇన్ఫెక్షన్ వచ్చినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయవద్దు.

3. స్విచ్ ఆన్ రోజు

ఆ రోజు పెద్దలకు వినిపించేది మాటలా ఉండకపోవచ్చు. కీచుమనే ధ్వనులుగా, గంటలుగా, యంత్రం మాట్లాడినట్టుగా ఉందని చాలామంది చెబుతారు. పిల్లల్లో కొందరు ఏడుస్తారు, కొందరు ఆడుతున్న ఆట ఆపి స్తబ్ధంగా ఉండిపోతారు, కొందరు ఏమీ జరగనట్టే ఉంటారు. వీటిలో ఏ ఒక్కటీ రాబోయే ఫలితానికి సూచన కాదు. తొలిసారి విని బిడ్డ నవ్వే వీడియోలు చూసి, తమ బిడ్డ నవ్వలేదని కుంగిపోయిన తల్లులు ఉన్నారు. ఆ బెంగ అక్కర్లేదు.

గదిలో ఇద్దరు ముగ్గురికి మించి ఉండవద్దు. ఇంటికి వచ్చాక బంధువులంతా చేరి ఒక్కొక్కరూ పేరు పెట్టి పిలవడం మానండి. ఆడియాలజిస్ట్ ఇచ్చిన ప్రోగ్రాములు ఎన్ని, ఏది ఎప్పటి నుంచి వాడాలి అన్నది రాయించుకోండి. తొలి వారాల్లో శబ్ద స్థాయిని మెట్లుమెట్లుగా పెంచేందుకే ఒకటికంటే ఎక్కువ ఇస్తారు. శబ్దం వచ్చినప్పుడల్లా ముఖం ఒకవైపు అదిరినా, కన్ను కొట్టుకున్నా, నొప్పి అనిపించినా ఓర్చుకోకండి. ముఖ నాడికి కరెంటు తగులుతూ ఉండవచ్చు. ప్రాసెసర్ తీసి ఆడియాలజిస్ట్‌కు చెబితే మ్యాప్ (ఒక్కో ఎలక్ట్రోడ్ కరెంటు హద్దుల అమరిక) మార్చి సరిచేస్తారు.

4. మెలకువగా ఉన్నంతసేపూ పెట్టుకోండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టు మాత్రమే పాటించగలిగితే దీనినే పాటించండి. స్నానం, నిద్ర తప్ప మిగతా సమయమంతా ప్రాసెసర్ తలపై ఉండాలి. పెద్దలు మొదటి వారంలో అలసిపోతే గంట పెట్టుకుని పదిహేను నిమిషాలు తీసి, మళ్ళీ పెట్టుకోవచ్చు. రెండో వారం నుంచి విరామాలు తగ్గించుకోండి. “మనుషులు వచ్చినప్పుడు పెట్టుకుంటాను”, “బడికి వెళ్ళేటప్పుడు పెడతాం” అనేది మనం చూసే పొరపాట్లలో అన్నింటికంటే నష్టకరమైనది.

పిల్లలు పీకి పారేస్తారు. అప్పుడు కోప్పడకుండా, మాట్లాడకుండా, వెంటనే తిరిగి పెట్టండి; పదిసార్లు తీస్తే పదకొండోసారి పెట్టండి. చెవి మీద నిలవకపోతే తలపట్టీ, మెత్తని టోపీ, దుస్తులకు తగిలించే క్లిప్పు వాడవచ్చు. అయితే రోజూ పెట్టించుకునే బిడ్డ ఒక్కసారిగా నిరాకరిస్తే అది మొండితనం అనుకోకండి. శబ్దం మరీ ఎక్కువగా వస్తూ ఉండవచ్చు, చర్మం నొప్పిగా ఉండవచ్చు, పరికరం చెడి ఉండవచ్చు.

సరిచూసుకోవడం తేలిక. ఇప్పటి ప్రాసెసర్లు రోజుకు ఎన్ని గంటలు వాడారో లోపల నమోదు చేసుకుంటాయి. మ్యాప్ సరిచేయించుకోవడానికి (మ్యాపింగ్‌కు) వెళ్ళినప్పుడు ఆ సంఖ్య అడిగి నోటుపుస్తకంలో రాయండి. మీరు అనుకున్న గంటలకూ ఆ సంఖ్యకూ మధ్య తేడా చూసి చాలా కుటుంబాలు ఆశ్చర్యపోతాయి.

5. ప్రతి ఉదయం రెండు నిమిషాల పరీక్ష

ముందు పరికరాన్ని చూడండి: బ్యాటరీ నిండుగా ఉందా, కేబుల్ ఎక్కడైనా నలిగిందా, మైక్రోఫోన్ మూత దుమ్ముతో పూడుకుపోయిందా, ప్రోగ్రాము సరైనదేనా, సూచిక దీపం మామూలుగానే ఉందా. గాలితో పనిచేసే జింక్ బ్యాటరీలైతే స్టిక్కరు తీసిన తరువాత కొద్ది నిమిషాలు ఆగి అమర్చండి. వాడిన బ్యాటరీలు పిల్లలకు అందనివ్వకండి. బిళ్ళ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. అనుమానం వచ్చినా సరే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

తరువాత ఆరు ధ్వనుల పరీక్ష. డేనియల్ లింగ్ రూపొందించిన దీనిని లింగ్ పరీక్ష అంటారు. మ్, ఊ, ఆ, ఈ, ష్, స్ అనే ఆరు ధ్వనులు మాటకు కావలసిన మంద్ర, మధ్య, తార శ్రుతుల పరిధినంతటినీ తడుముతాయి. ఒక మీటరు దూరంలో, ముఖం కనబడకుండా పక్కన లేదా వెనుక కూర్చుని, మామూలు గొంతుతో ఒక్కొక్కటి పలకండి. వినిపించగానే బిడ్డ ఒక గవ్వ డబ్బాలో వేయాలి, లేదా పెద్దలైతే విన్నదానిని తిరిగి పలకాలి. ఒక మీటరులో ఆరూ వచ్చాక మూడు మీటర్ల నుంచి ప్రయత్నించండి.

ఇక్కడ జరిగే తప్పులు ఇవి. మనం తెలుగువాళ్ళం కాబట్టి హల్లు చివర అచ్చు చేర్చకుండా ఉండలేం. “స్” అనమంటే “సు” అంటాం, “ష్” అనమంటే “షు” అంటాం. అప్పుడు బిడ్డ విన్నది “ఉ” ధ్వనిని, సకారాన్ని కాదు. సకారం ఒక్కటే, పాము బుసలా, అచ్చు లేకుండా పలకాలి. రెండో తప్పు, ఒకే లయలో వరుసగా పలకడం. బిడ్డ లయను పట్టుకుని గవ్వ వేసేస్తుంది. మధ్య విరామాన్ని మార్చండి, ఒక్కోసారి పది సెకన్లు మౌనంగా ఉండండి. ఆ మౌనంలో కూడా గవ్వ వేస్తే మీ పరీక్ష చెల్లదు. మూడోది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం. దానివల్ల ధ్వనే మారిపోతుంది, ముఖ్యంగా సకారం, షకారం.

నిన్నటి దాకా వినిపించిన ధ్వని ఈ రోజు వినిపించకపోతే బ్యాటరీ, కేబుల్, కాయిల్, మైక్రోఫోన్ మూత ఒక్కొక్కటిగా మార్చి మళ్ళీ చూడండి. అప్పటికీ రాకపోతే ఆడియాలజిస్ట్‌కు ఫోన్ చేసి ఏ ధ్వని పోయిందో చెప్పండి. “సరిగా వినబడడం లేదు” అన్న మాటకంటే “మంగళవారం నుంచి స్ వినబడడం లేదు, మిగతా ఐదూ వస్తున్నాయి” అన్నది వారికి వంద రెట్లు ఉపయోగం.

రాత్రి ప్రాసెసర్‌ను పొడి గుడ్డతో తుడిచి తేమ పీల్చే డబ్బాలో ఉంచండి.

6. వినే సాధన: నాలుగు మెట్లు

రోజుకు రెండు సార్లు, 20 నిమిషాల చొప్పున చేయండి. చిన్నపిల్లలకు ఐదేసి నిమిషాలుగా విడగొట్టండి. మెట్లు ఇవి: శబ్దం ఉందా లేదా అని తెలియడం, రెండు శబ్దాలు ఒకటేనా వేరా అని తెలియడం, ఏది అన్నది గుర్తుపట్టడం, విన్నదాని అర్థం గ్రహించడం. నార్మన్ ఎర్బర్ ప్రతిపాదించిన ఈ క్రమాన్నే చాలామంది థెరపిస్టులు వాడుతున్నారు. ఒక మెట్టు పూర్తిగా ఎక్కాకే రెండోది అనే నియమమేమీ లేదు, కానీ కింది మెట్టు గట్టిపడకుండా పై మెట్టు నిలవదు.

గుర్తుపట్టే మెట్టులో మాటల ఎంపిక కీలకం. పొడవులో తేడా ఉన్న మాటలతో మొదలుపెట్టండి: “కాకి”, “సీతాకోకచిలుక”. ఇవి కుదిరాక ఒకే పొడవున్నా అచ్చులు వేరైన మాటలు: “పిల్లి”, “తాళం”, “గోడ”. ఆ తరువాత మన భాషలో ముఖ్యమైన రెండు తేడాలు. ఒకటి హ్రస్వ దీర్ఘాలు: “పడు, పాడు”. రెండోది ద్విత్వం: “గడి, గడ్డి”. కాలవ్యవధిలో తేడాను ఇంప్లాంట్ బాగానే అందిస్తుంది కాబట్టి ఇవి త్వరగా పట్టుబడతాయి, ఉత్సాహం ఇస్తాయి. చివరకు కష్టమైనవి: “పాట, బాట”, “తాత, దాత”, “మీరు, నీరు”. మకార నకారాల తేడా, పరుష సరళాల తేడా ఇంప్లాంట్‌తో ఆలస్యంగా వస్తాయి. కొందరికి పూర్తిగా రాకపోవచ్చు కూడా. వాక్యంలో సందర్భం ఆ లోటును పూడుస్తుంది కాబట్టి అక్కడే నెలల తరబడి ఆగిపోకండి.

చిన్నపిల్లలకు ఏ మాటైనా ముందు చెవికి అందాలి, తరువాత కంటికి, మళ్ళీ చెవికి. “బంతి ఏది?” అని ముందు అనండి, ఆగండి. తెలియకపోతే బంతి చూపండి, చూపిన తరువాత “బంతి” అని మళ్ళీ అనండి. ఆగడం అన్నది చాలామంది చేయరు. అడిగిన సెకనులోపే జవాబు చూపించేస్తే బిడ్డ చెవిని నమ్మడం మాని మీ చేతినే చూస్తుంది. మనసులో ఐదు లెక్కపెట్టి, ఆ తరువాత సాయం చేయండి.

పెద్దలు ఇలా చేయవచ్చు: మీ దగ్గర ఉన్న పాఠాన్నే ఒకరు చదువుతుంటే వేలుతో అనుసరించండి, వారు మధ్యలో ఆగినప్పుడు ఏ మాట దగ్గర ఆగారో చూపండి. వారం తరువాత ముందే చదువుకుని పుస్తకం మూసి వినండి. చదివిపెట్టేవారు లేకపోతే పుస్తకం చేతిలో ఉంచుకుని దాని ఆడియో వినండి, ప్రాసెసర్‌కు ఫోన్ నుంచి నేరుగా ధ్వని పంపే సౌకర్యం ఉంటే వాడండి.

రెండో చెవిలో హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటే దాన్ని మానేయాలా అని అడుగుతున్నారు. అది ఉపయోగపడుతున్నంతకాలం మానవద్దు. మంద్ర ధ్వనులను, సంగీతాన్ని అది మెరుగ్గా అందిస్తుంది. సాధన సమయంలో మాత్రం కొంతసేపు దాన్ని తీసి ఇంప్లాంట్ ఒక్కదానితోనే వినండి. లేకపోతే పాత చెవే పని చేసుకుపోతుంది, కొత్త చెవి నేర్చుకోదు.

7. క్రియల చివరలు వినండి

దీన్ని ఒక ప్రత్యేకమైన మెట్టుగా పెట్టడానికి కారణం ఉంది. తెలుగులో ఎవరు, ఎప్పుడు, చేశారా చేయలేదా అన్నదంతా క్రియ చివర ఉంటుంది. “చూడు” అన్నదానికీ “చూడకు” అన్నదానికీ మధ్య ఉన్నది ఒక్క అక్షరం. “వచ్చాడు, వచ్చింది, వచ్చారు” అన్నవాటి తేడా చివరి అక్షరాల్లోనే ఉంది. వాక్యం చివరికి వచ్చేసరికి మన గొంతు తగ్గుతుంది. వినేవారికి మాట మొదలు బాగా అందుతుంది, అర్థాన్ని తిప్పేసే చివర జారిపోతుంది. బయటి నుంచి చూసేవారికి మాత్రం బిడ్డ చెప్పిన మాట వినడం లేదనిపిస్తుంది.

కాబట్టి వారానికి మూడు రోజులైనా జంట వాక్యాలతో ఆడండి. “తలుపు తెరువు, తలుపు తెరవకు.” “పెట్టెలో ఉంది, పెట్టెపైన ఉంది, పెట్టె కింద ఉంది.” “రేపు వస్తాను, రేపు రాను.” మీరు అన్నదాని ప్రకారం బిడ్డ చేసి చూపాలి, లేదా పెద్దలు సరైన చీటీ ఎత్తాలి. చివరను మొదట కొద్దిగా సాగదీసి పలకండి, రెండు వారాల్లో మామూలు ఉచ్చారణకు వచ్చేయండి. అరిచి చెప్పవద్దు, అరిస్తే అచ్చులు ఉబ్బి హల్లులు మునిగిపోతాయి.

8. గోల, ఫోన్, సంగీతం

మూడు నెలలయ్యేసరికి నిశ్శబ్దంలో వాక్యాలు అందుతుంటే, వెనుక తక్కువ ధ్వనితో రేడియో పెట్టి అవే అభ్యాసాలు చేయండి. ఫోన్‌లో మొదట తెలిసిన గొంతుతో, తెలిసిన విషయం మీద, “అవును, కాదు” అన్న జవాబులతో మొదలుపెట్టండి. సంగీతం చాలామందిని నిరాశపరుస్తుంది. ఇంప్లాంట్ లయను చక్కగా అందించగలదు కానీ స్వరాల ఎత్తుపల్లాలను అంత సూక్ష్మంగా అందించలేదు. ముందునుంచి తెలిసిన పాట, ఒకే గొంతు, ఒకే వాద్యం ఉన్నవి ఎంచుకోండి.

9. మ్యాపింగ్‌కు ఖాళీ చేతులతో వెళ్ళకండి

మ్యాపింగ్ అంటే ఒక్కో ఎలక్ట్రోడ్‌కు ఎంత కరెంటుతో శబ్దం మొదటగా తెలుస్తుంది, ఎంతతో హాయిగా వినిపించే పై హద్దు వస్తుంది అన్నది నిర్ణయించడం. మొదటి నెలల్లో ఇది తరచూ మారుతుంది, తరువాత నిలకడగా ఉంటుంది. “ఇంకా ఇంకా పెంచండి” అని అడగడం పొరపాటు. అతిగా పెంచితే ధ్వనులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మాట స్పష్టత తగ్గుతుంది. నోటుపుస్తకం తీసుకువెళ్ళండి. ఆరు ధ్వనుల ఫలితాలు, ఏ మాటలు తారుమారవుతున్నాయో ఆ జాబితా, ఇబ్బంది పెట్టిన శబ్దాలు చూపించండి. అన్ని ఎలక్ట్రోడ్లూ పనిచేస్తున్నాయా, ఇంపీడెన్స్ (ఎలక్ట్రోడ్ల దగ్గర కరెంటుకు ఎదురయ్యే నిరోధం) మామూలుగానే ఉందా అని అడగండి.

10. ఫలితాన్ని సరిచూసుకోవడం

నాలుగు కొలతలు చాలు.

మొదటిది ఆడియాలజిస్ట్ చేసేది. ప్రాసెసర్ పెట్టుకుని చేసే ఆడియోగ్రామ్‌లో (ఏ శ్రుతి ఎంత మెల్లగా ఉన్నా వినబడుతుందో చూపే పరీక్షలో) మంద్రం నుంచి తారం వరకు సుమారు 20 నుంచి 30 డెసిబెల్స్ దగ్గర స్పందన రావాలి. అయితే ఇది “వినబడుతోంది” అని మాత్రమే చెబుతుంది, “అర్థమవుతోంది” అని కాదు. ఆడియోగ్రామ్ బాగుంది కాబట్టి అంతా బాగున్నట్టే అన్న మాటతో తృప్తి పడకుండా, మాటలు, వాక్యాల గుర్తింపు పరీక్ష కూడా చేయమని అడగండి.

రెండోది మీరు ఇంట్లో నెలకొకసారి చేసేది. 20 ప్రయత్నాలు, ఒకే గొంతు, ఒకే దూరం, పెదవులు కనబడకుండా. లెక్క జాగ్రత్తగా చూడండి. నాలుగు బొమ్మల్లో ఒకటి ఎంచే ఆటలో ఊరికే ఊహించినా 20కి 5 దాకా వస్తాయి. 10 దాటితేనే నమ్మండి. రెండింటిలో ఒకటి ఎంచేదైతే ఊహతోనే 10 వస్తాయి; కనీసం 15 రావాలి. సాధన చేసిన మాటలనే పరీక్షకు వాడితే మీరు కొలిచేది జ్ఞాపకాన్ని, వినికిడిని కాదు. పరీక్ష కోసం వేరే మాటలను ముందే పక్కన పెట్టుకోండి.

మూడోది రోజువారీ జీవితం. నాటింగ్‌హమ్ బృందం 1995లో ప్రచురించిన క్యాప్ అనే కొలబద్ద దీనికి చక్కగా సరిపోతుంది. సున్నా నుంచి ఏడు వరకు మెట్లు: 0, శబ్దాల ఎరుక లేదు, 1, చుట్టూ ఉన్న శబ్దాల ఎరుక, 2, మాట ధ్వనులకు స్పందన, 3, చుట్టూ ఉన్న శబ్దాలను ఏవో గుర్తుపట్టడం, 4, పెదవులు చూడకుండా మాట ధ్వనులను వేరుపరచడం, 5, పెదవులు చూడకుండా వాడుకలోని చిన్న వాక్యాలు అర్థం కావడం, 6, పెదవులు చూడకుండా సంభాషణ అర్థం కావడం, 7, తెలిసినవారితో ఫోన్‌లో మాట్లాడడం. స్విచ్ ఆన్ నాడు, 3, 6, 12 నెలలకు ఏ మెట్టో రాయండి. సందేహం ఉంటే కింది మెట్టే రాయండి.

నాలుగోది మీ సొంత కోరిక. “మనవరాలు చెప్పే కథ అర్థం కావాలి”, “వెనుక వచ్చే బండి హారన్ తెలియాలి” వంటివి రెండు మొదటి రోజే రాసి పెట్టుకుని, ఆరు నెలలకు తిరిగి చూడండి. పెద్దల్లో ఎక్కువ భాగం ఎదుగుదల మొదటి ఆరు నెలల్లో కనబడి, సంవత్సరం దాకా, కొందరిలో ఆ పైన కూడా సాగుతుంది. పుట్టుచెవుడు ఉన్న పిల్లలది ఏళ్ళ తరబడి సాగే పని.

ఎదుగుదల ఆగిపోతే

ఈ వరుసలో వెతకండి: నమోదైన గంటలు తగ్గాయా, బయటి భాగాలు చెడ్డాయా, మ్యాప్ పాతబడిందా, చెవిలో ఇన్ఫెక్షన్ ఉందా. ఇవేవీ కాకపోతే లోపలి భాగాన్ని పరీక్షించమని స్పష్టంగా అడగండి. వచ్చిన మాటలు పోవడం, శబ్దం ఆగి ఆగి రావడం, తలకు దెబ్బ తగిలిన తరువాత తేడా రావడం లోపలి పరికరం చెడిందనడానికి సూచనలు కావచ్చు. అలాంటప్పుడు మళ్ళీ ఆపరేషన్ చేసి మార్చవలసి వస్తుంది. బిడ్డ “ప్రయత్నించడం లేదు” అన్న నిర్ణయానికి వచ్చే ముందు ఇవన్నీ చూడాలి. చాలా పరీక్షలు చేశాక కూడా మాట రాకపోతే సంజ్ఞల భాష నేర్పడం ఓటమి కాదు. బిడ్డకు ఏదో ఒక భాష సకాలంలో అందడం అన్నింటికంటే ముఖ్యం, సంజ్ఞలు నేర్చుకున్నంత మాత్రాన వినడం ఆగిపోదు.

గుర్తింపు కార్డు ఎందుకంటే

లోపల అయస్కాంతం ఉంది కాబట్టి ఎంఆర్‌ఐ గదిలోకి, రోగిగా కాకుండా తోడుగా అయినా సరే, చెప్పకుండా వెళ్ళకూడదు. కొన్ని రకాలకు 1.5 టెస్లా (యంత్రం అయస్కాంత శక్తికి కొలత), కొన్నింటికి 3 టెస్లా దాకా నిర్దిష్టమైన జాగ్రత్తలతో అనుమతి ఉంటుంది, కొన్నింటికి ముందుగా అయస్కాంతం తీయవలసి ఉంటుంది. ఏ రకమో కార్డు మీదే ఉంటుంది. ఏ ఆపరేషన్‌కు వెళ్ళినా సర్జన్‌కు కార్డు చూపండి. తల, మెడ భాగంలో మోనోపోలార్ కాటరీ (కరెంటుతో కోసే, రక్తస్రావం ఆపే సాధనంలో ఒక రకం) వాడకూడదు. ఫిజియోథెరపీలో వాడే డయాథెర్మీ వేడి చికిత్స కూడా తల, మెడల దగ్గర పనికిరాదు. కార్డు వెనుక మీ ఆడియాలజిస్ట్ ఫోన్ నంబరు రాసి, రెండు వైపులా ఫొటో తీసి ఇంట్లో మరొకరి ఫోన్‌లో కూడా ఉంచండి.